ఈ కారు ఈ రంగులో రాలేదు

పోయిన దసరా సెలవుల్లో మా మేనల్లుడు వాడి మొదటి కిట్ పూర్తి చేశాడు. వాడికి పదకొండేళ్ళు. కిట్ కొనిచ్చింది నేనే. నిస్సాన్ స్కైలైన్, 1989లో వచ్చిన జీటీ-ఆర్, 1:24 స్కేలు. వెస్ట్ మారేడ్‌పల్లిలో అక్కావాళ్ళ డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి, నాలుగు రోజులు అన్నానికి కూడా అక్కణ్ణుంచి లేవకుండా ముక్కలు అతికించాడట. ఐదో రోజు నేను వెళ్ళేసరికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కారు పచ్చగా, బంతిపువ్వులా ఉంది. ఇంటి గేటుకి వేసే ఎనామెల్ పెయింటు. బ్రష్షు గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"బాగుందిరా. కానీ ఈ కారు ఈ రంగులో రాలేదు" అన్నాను.

వాడేం అనలేదు. కారుని తీసుకెళ్ళి మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేశాడు. ఆ పెట్టె మంచం కిందకి పోయింది. దీపావళికి ఇంకో కిట్ కొనిస్తానంటే, "వద్దులే మామా" అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ తరం జీటీ-ఆర్ ఫ్యాక్టరీ రంగుల్లో పసుపు లేదు. పసుపు వచ్చింది 1999 మోడల్‌కి. ఎవరైనా అడిగితే ఇప్పుడైనా ఇదే చెప్తాను. మరి చెప్పిన ప్రతి ముక్కా నిజమే అయినప్పుడు, నేనేదో తప్పు చేశానని నాకెందుకు అనిపిస్తోంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. కార్ల గురించి కూడాననుకోండి, ఎందుకంటే నాకు ఈ ప్రశ్న కార్ల మీదుగానే వచ్చింది.

*

స్కేల్ మోడల్ కిట్లు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇవి కొని ఆడుకునే బొమ్మలు కావు. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ ఫ్రేములకి అంటుకుని వందకి పైగా ముక్కలుంటాయి. కత్తిరించాలి, గరుకు కాగితంతో రుద్దాలి, రంగు వెయ్యాలి, అతికించాలి. నేను పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పగలంతా హైటెక్ సిటీలో ఇంకొకళ్ళు రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకుని, రాత్రి సికింద్రాబాద్ చేరి బొమ్మకారు బంపర్‌కి అర మిల్లీమీటరు తేడా ఉందని బాధపడతాను. మాలాంటివాళ్ళని ఈ సరదా ఉన్న జనం ఎగతాళిగా రివెట్లు లెక్కపెట్టేవాళ్ళు అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు.

ఈ జబ్బు కార్ల దగ్గరే ఆగలేదు. నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను కదా. కొన్నేళ్ళ క్రితం ఒక కథల సంపుటి మీద రాస్తూ, 1979లో జరిగిన కథలో ఒక పాత్ర మారుతి 800 దిగిందని పట్టుకున్నాను. మొదటి మారుతి తాళాలు కొన్నవాళ్ళ చేతికి వచ్చింది 1983 డిసెంబర్ 14న. ఈ ఒక్క సంగతి మీద ఒక పేరా అంతా రాశాను, కాస్త హుషారుగానే. రచయిత నాకు మెయిల్ రాశారు. తప్పు చూపించినందుకు థాంక్స్, రెండో ముద్రణలో దిద్దుతాను అని. చివర్లో ఒక్క వాక్యం: "ఇంతకీ ఆ కథ మీకెలా అనిపించింది?"

నా రివ్యూ మళ్ళీ తీసి చూసుకున్నాను. ఎక్కడా చెప్పలేదు నేను.

*

సరే, కచ్చితత్వం అంటున్నాం. ఈ బొమ్మకార్లలో అది ఎంతవరకు సాధ్యం? లెక్క వేద్దాం. అసలు కారు బాడీ రేకు మందం ముప్పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. 24తో భాగిస్తే 0.03 మిల్లీమీటరు. అంత పల్చటి ప్లాస్టిక్ అచ్చు పొయ్యలేరు, పోసినా ముట్టుకుంటే నలిగిపోతుంది. కిట్‌లో బాడీ మందం ఒక మిల్లీమీటరు అనుకున్నా, దాన్ని అసలు సైజుకి పెంచితే అంగుళం మందం రేకు. యుద్ధట్యాంకు సంగతేమో గానీ కారైతే కాదది. కారు మీద పెయింటు పొరలన్నీ కలిపి పదో వంతు మిల్లీమీటరు. ఆ లెక్కన నా మోడల్ మీద రంగు నాలుగు మైక్రాన్లు ఉండాలి. ఎంత మంచి ఎయిర్‌బ్రష్‌తో వేసినా అంతకి ఎన్నో రెట్లు మందం పడుతుంది. డోరుకీ బాడీకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంటే, మోడల్‌లో అది 0.17. కిట్ చేసేవాళ్ళు దాన్ని కావాలనే కొంచెం వెడల్పు చేస్తారు. లేకపోతే రంగు పడగానే పూడిపోతుంది, డోరు ఉన్నట్టే తెలీదు.

అంటే అతి కచ్చితమైన మోడల్‌లో కూడా ఎక్కడ అబద్ధం ఆడాలో ముందే ఒకరు నిర్ణయించారన్నమాట. దాన్ని మనం నిజం అంటున్నాం.

అసలు ఈ స్కేళ్ళే కొలతల మీద గౌరవంతో పుట్టలేదు. సైనిక వాహనాల కిట్లకి ప్రపంచమంతా చెల్లే 1:35 ఎలా వచ్చిందో చూడండి. 1960ల మొదట్లో జపాన్‌లో టమియా కంపెనీ మోటారుతో నడిచే ఒక పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి కాబట్టి అంత సైజు పెట్టారు. తర్వాత కొలిస్తే దాదాపు 1:35 అని తేలింది. అదే ప్రమాణమైంది. కార్లు దాచుకునేవాళ్ళ 1:43 రైళ్ళ నుంచి వచ్చింది. బ్రిటన్‌లో ఓ గేజ్ బొమ్మరైళ్ళకి అడుగుకి ఏడు మిల్లీమీటర్ల లెక్క. ఆ రైళ్ళ పక్కన రోడ్డు మీద నిలబెట్టడానికి అదే సైజులో కార్లు చేశారు. రైళ్ళు పక్కకి పోయాయి, కార్లు మిగిలాయి.

రైళ్ళ మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి ఒకటి. సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే నీడ పడని ఇల్లు తక్కువ. మా నాన్న రైల్ నిలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడెవరైనా మన రైలుని హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87లో చేద్దామనుకుంటే మొదటి అడుగులోనే దొరికిపోతారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1:87లో పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకి కాస్త పైన ఉండాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మాత్రమే, ఎందుకంటే అవి ఐరోపా, అమెరికాల స్టాండర్డ్ గేజ్‌కి చేసినవి. పట్టాలు స్వయంగా వేసుకోగలిగితే సరే. లేదంటే మన ఇంజను పరాయి గేజ్ మీద నడవాల్సిందే. నడిపేవాళ్ళు నడుపుతున్నారు, హాయిగా.

*

ఇక్కడ రెండో పక్షం వాళ్ళు, "అందుకే అన్నాం, ఎంజాయ్ చేస్తే చాలు, కొలతలెందుకు?" అంటారు. వాళ్ళకీ చరిత్ర ఉంది. 1950ల చివర్లో అమెరికాలో ఏఎమ్‌టీ అనే కంపెనీ ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కార్ కిట్లు తెచ్చింది. ఫ్యాక్టరీలో వచ్చినట్టు కట్టుకోవచ్చు, మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు, లేదా రేస్ కారు చేసుకోవచ్చు. పిల్లవాడు పసుపు వేసుకుంటే ఆ పెట్టె కాదనదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే బహదూర్‌పురాలో జూ పార్కుకి దగ్గర్లోనే సుధా కార్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ గారు 2010లో తెరిచారు. అక్కడ వంకాయ కారు ఉంది, క్రికెట్ బంతి కారు ఉంది, బూటు కారు ఉంది. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రైసైకిల్ చేసి గిన్నిస్‌కి ఎక్కిన మనిషి ఆయన. మొదటిసారి ఆ వంకాయ ముందు నిలబడినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం సిగ్గేసింది. అది ఏ కారులానూ లేదు కానీ నడుస్తుంది. నా షెల్ఫులో కార్లు అచ్చం కార్లలా ఉంటాయి, ఒక్కటీ నడవదు. రెండింటిలో కారుకి దగ్గరగా ఉన్నది ఏదో చెప్పండి.

అయినా "ఎంజాయ్ చేస్తే చాలు" అన్న మాట నాకు ఆనదు. అది ఉదారంగా కనిపిస్తుంది గానీ, నిజానికి పట్టించుకోకపోవడం. నువ్వేం చేసినా నాకొకటే అని దాని అర్థం. పైగా కిట్ కట్టడంలో ఆనందం ఎక్కడుందో అది చెప్పలేదు. రాత్రి పదకొండింటికి చిన్న అద్దం ముక్క మూడోసారి కూడా ఫ్రేములో కూర్చోకపోతే, దాన్ని పీకి, అంచు రుద్ది, నాలుగోసారి పెట్టినప్పుడు టక్కుమని కూర్చుంటే, ఆ సుఖం కుదరడంలోదే. కుదరకపోయినా ఫరవాలేదనుకునేవాడికి ఆ సుఖం లేదు. ఆనందాన్నీ కచ్చితత్వాన్నీ త్రాసులో చెరో పక్కనా పెట్టడమే ఎక్కడో తేడా కొడుతోంది.

టమియా వాళ్ళదే ఇంకో సంగతి. 1970ల్లో పోర్షే 934 మోడల్‌ని 1:12లో చెయ్యడానికి కంపెనీ పెద్ద షున్‌సాకు టమియా ఏకంగా ఒక అసలు పోర్షే 911 కొని, ముక్కముక్కలుగా విప్పించాడు. మళ్ళీ బిగించడం వాళ్ళ చేతకాలేదు. ఇంత చేసి తయారైన కిట్‌కి అయిన ఖర్చు రాబట్టుకోవడానికి, అదే కారుని 1976లో రేడియో కంట్రోల్‌తో పరిగెత్తే బొమ్మగా అమ్మారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. అంత కచ్చితత్వం ఖర్చుని చివరికి వీధిలో పరిగెత్తే బొమ్మ మోసింది.

*

రెండేళ్ళ క్రితం మా నాన్న కారు చెయ్యాలనుకున్నాను. 1986 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, క్రీమ్ రంగు. నాన్న 1993లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 2004లో అమ్మేశారు. నా బాల్యం మొత్తం దాని వెనక సీట్లో గడిచింది. అంబాసిడర్‌కి సరైన ప్లాస్టిక్ కిట్ నాకెక్కడా దొరకలేదు. వెనక్కి లాగి వదిలితే ముందుకు పరిగెత్తే బొమ్మ అంబాసిడర్ ఒకటి కొని, మోటారు తీసేసి, ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాను. మార్క్ 2కీ మార్క్ 4కీ ముందు గ్రిల్ వేరు. పాత గ్రిల్ అరగదీసి కొత్తది చేశాను. స్టీరింగ్ పక్కన ఉండే గేర్ కడ్డీ రాగితీగతో పెట్టాను. పాత బ్రోషర్ల ఫొటోలు ముందు పెట్టుకుని క్రీమ్ రంగు కలిపాను. చూసిన ఫ్రెండ్స్ అందరూ అదిరింది అన్నారు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"చాలా బాగుందిరా. ఎవరిదీ కారు?"

"మనదే నాన్నా."

"మనదెలా అవుతుంది? మనదానికి ఎడమ పక్క వెనక డోరు వేరే రంగు కదా."

నేను మర్చిపోయాను. ఒకసారి లారీ ఒకటి గీసుకుపోతే, రాణిగంజ్ దగ్గర ఒక షెడ్డులో వేరే కారు పాత డోరు తెచ్చి బిగించారు. దానికీ క్రీమే వేశారు గానీ ఒక పిసరు పసుపు ఎక్కువ. మిగిలిన కారు పాలమీగడ అయితే, ఆ డోరు వెన్న. ఏడేళ్ళు అలాగే తిరిగాం. అమ్మ ఎప్పుడూ ఆ డోరు పక్కనే కూర్చునేది.

మన పాత చిత్రకళా శాస్త్రంలో ఆరు అంగాలు చెప్తారు. కామసూత్రాలకి యశోధరుడు రాసిన వ్యాఖ్యలో ఉన్నాయవి. రూపభేదాలు, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. కాలేజీలో క్విజ్ కోసం బట్టీపట్టాను. ప్రమాణం అంటే కొలత, సాదృశ్యం అంటే పోలిక. కొలత సరిపోతే పోలిక దానంతటదే వస్తుంది కదా, రెండూ విడిగా ఎందుకు చెప్పాడా అని అప్పట్లో అనుకునేవాణ్ణి. నాన్న అడిగిన ప్రశ్నతో నాకు అర్థమైంది. నేను చేసిన బొమ్మలో ప్రమాణం ఉంది. అది కలకత్తా పక్కన ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ గేటు దాటిన అంబాసిడర్‌కి ప్రమాణం. మా ఇంటి ముందు ఆగిన కారుకి అది పోలిక కాదు. దేనికి కచ్చితం అన్న ప్రశ్న వెయ్యకుండానే ఎనిమిది నెలలు కచ్చితంగా పనిచేశాను.

ప్రమాణం అంటే మన భాషలో ఒట్టు అని కూడా కదా. ఎవరో ఒకరికి మాట ఇవ్వకుండా ఒట్టు ఉండదు. నేను బ్రోషర్‌కి మాట ఇచ్చాను.

*

ఈ సంక్రాంతికి అక్కావాళ్ళింట్లో బొమ్మల కొలువు. అక్క అత్తగారిది విజయవాడ వైపు, కాబట్టి మెట్ల నిండా కొండపల్లి బొమ్మలు. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే మనిషి, దశావతారాలు. కింద మెట్టు ముందు చిన్న ఊరు కట్టారు. అద్దం పెట్టి చెరువు, మెంతులు మొలకెత్తించి పొలం. ఆ చెరువు గట్టున, ఏనుగు కంటే ఎత్తుగా, పచ్చటి స్కైలైన్. మంచం కింద నుంచి అక్క తీసి పెట్టిందట.

కొలువులో స్కేలు ఉండదు. రాముడి పక్కన రైలుబండి, రైలుబండి కంటే పెద్ద చిలక. ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఒకదాన్ని ఇంకోదానితో కొలవరు. నేను ఆ కారు ముందు చతికిలబడ్డాను. వాడు పక్కనే ఉన్నాడు, కొంచెం అనుమానంగా.

"పసుపు ఎందుకు వేశావురా?" అని అడిగాను. ఏదో లోతైన కారణం ఉంటుందని నా ఆశ.

"గేటుకి కొన్న డబ్బాలో మిగిలింది మామా."

అంతే. ఇంకేం లేదు. సరే అని ఇంకో ప్రశ్న అడిగాను. "ఇందులో నీకు బాగా కష్టమైంది ఏది?"

వాడి మొహం మారింది. "స్టీరింగ్. రెండుసార్లు ఊడదీసి అతికించాను."

"ఎందుకు?"

"ముందు చక్రాలు ఎడమకి తిప్పి పెట్టాను కదా. స్టీరింగ్ తిన్నగా ఉంటే కారు అటు ఎలా పోతుంది?"

వంగి, ముందు అద్దంలోంచి చూశాను. చక్రాలు ఎడమకి తిరిగి ఉన్నాయి. స్టీరింగ్ కూడా ఎడమకి తిరిగే ఉంది.

ఇంటికొచ్చి నా షెల్ఫు చూసుకున్నాను. పద్నాలుగు కార్లు. అందంగా కనిపిస్తుందని తొమ్మిదింటికి ముందు చక్రాలు తిప్పి పెట్టాను. తొమ్మిదింటిలోనూ స్టీరింగ్ తిన్నగా ఉంది. పదేళ్ళలో నేను చూడలేదు, నా బొమ్మలు చూసినవాళ్ళెవరూ చూడలేదు. ఇప్పుడు విప్పడానికి లేదు, అన్నీ అతుక్కుపోయాయి.

*

దసరా నాడు నేను చేసిన తప్పు నిజం చెప్పడం కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. పిల్లవాడి మనసు నొప్పించకుండా మెత్తగా చెప్పాల్సింది అనే సలహా కూడా నాకు సరిపోదు. మెత్తగా చెప్పినా అదే మాట చెప్పేవాణ్ణి. అసలు సంగతి, నేను ఆ కారుని చూడలేదు. రంగు తప్పు అన్నది చూసి అన్న మాట కాదు, గుర్తొచ్చి అన్న మాట. చేతిలో ఉన్న వస్తువుని వదిలేసి, తలలో ఉన్న జాబితాని చూశాను. అందులో పసుపు లేదు. జాబితాలో స్టీరింగ్ గురించి కూడా ఏమీ లేదు కాబట్టి, అది నా కంట పడలేదు. మారుతి 800 దొరగ్గానే కథ చదవడం ఆపేసినట్టే.

తప్పులు పట్టడం కచ్చితత్వంలో ఒక భాగం, నిజమే. కథలో 1979లో మారుతి ఉండకూడదు. ఇప్పుడు రాసినా ఆ మాట రాస్తాను, కానీ ఒక వాక్యం రాస్తాను, పేరా కాదు. తప్పు మాత్రమే చూసినవాడు సగమే చూశాడు, సగం చూసినవాణ్ణి కచ్చితమైనవాడు అనకూడదు. ఆ లెక్కన ఆ రోజు డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్న ఇద్దరిలో కచ్చితమైన మోడలర్ నేను కాదు. మిగిలిన డబ్బాలో రంగు పూసినవాడే, ఎందుకంటే తను చేస్తున్న కారు ఎటు పోతోందో వాడికి తెలుసు.

ఇది వాడితో ఇలాగే చెప్పలేదు. "స్టీరింగ్ నేను చూసుకోలేదురా, నా వాటిలో తొమ్మిది తప్పు" అన్నాను. వాడు నవ్వి, చూపించమని ఇంటికొచ్చాడు. తొమ్మిదీ లెక్కపెట్టి మరీ వెళ్ళాడు. కిట్ గురించి మాత్రం ఇంకా ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

అంబాసిడర్ ఎడమ వెనక డోరుకి మాస్కింగ్ టేపు వేసి ఉంచాను. ఆ డోరు రంగుకి ఏ బ్రోషరూ లేదు. ఉన్న ఒకే ఒక్క ఫొటోలో అమ్మ ముందు నిలబడటం వల్ల డోరు సగమే కనిపిస్తోంది, ఆ ఫొటో కూడా వెలిసిపోయింది. కాబట్టి నాన్నే ప్రమాణం. సాయంత్రం టీ అయ్యాక బాల్కనీలో కూర్చుని, నేను తెల్ల ప్లాస్టిక్ ముక్క మీద రంగు కలిపి చూపిస్తాను. "ఇంకొంచెం పసుపు" అంటారు. వేస్తే, "అబ్బే, ఎక్కువైంది" అంటారు. ఆ షెడ్డువాడితో డబ్బుల దగ్గర ఎలా గొడవపడ్డారో, అమ్మ ఆ డోరు చూసి మొదటి రోజు ఏమందో మధ్యలో చెప్తుంటారు. నిన్నటికి మూడు సాయంత్రాలైంది, పదకొండు ముక్కలు పాడయ్యాయి. పన్నెండోది చూసి, చీకటి పడింది, లైటు వెలుగులో రంగు తెలీదు, రేపు మళ్ళీ కలుపుదాం అన్నారు.